అడుగున చుక్కలు

నాగుల్ మీరా ఫొటో పేపర్లో పడింది.
పేరుకి ముందు "అంతర్జాతీయ" అని తగిలించారు.
నాకు తెలిసిన నాగుల్ మీరా
వలంధర రేవులో బోర్లించిన పడవ పక్కన
తారు ఆరేదాకా బీడీ కాలుస్తూ కూర్చునేవాడు.
ఆరాక తెల్లరంగుతో "గంగమ్మ తల్లి" అని రాసేవాడు.
"ల్లి" దగ్గర చెయ్యి ఆగేది కాదు,
కింది ఒత్తుని సాగదీసి సాగదీసి
తెడ్డు చేసి వదిలేవాడు.
పేరు రాయమంటే తోక పెట్టావేంట్రా అని
జాలర్లు తిట్టేవారు.
అక్షరానికి రూపాయి. తోకకి డబ్బుల్లేవు.

వాళ్ళ నాన్న దూది ఏకేవాడు.
ఇంట్లో మాటా తెలుగే, తిట్టూ తెలుగే.
కొడుకుని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు,
"బడవా, ఇట్రా!"
అంతే.

సిమెంటు, రొయ్యల మేత, పురుగుమందు
ఇద్దరం కలిసి ఎన్ని గోడలు నింపామో.
ఫ్లెక్సీలొచ్చాక
మా కుంచెలు ఒకే వేసవిలో ఎండిపోయాయి.
నేను సఖినేటిపల్లి పంటు మీద టిక్కెట్లు చింపడానికి కుదిరాను.
వాడు షార్జాలో గోడలకి రంగెయ్యడానికి పోయాడు.

అక్కడెవరో సూడాన్ ముసలాయన, ఉస్తాద్ ఇద్రీస్,
"మూడేళ్ళు నాచేత చుక్కలే పెట్టించాడ్రా" అనేవాడు ఫోన్లో.
కలం పాళీ ఎంత వెడల్పో చుక్క అంత.
అలిఫ్ నిలబడాలంటే ఏడు చుక్కల ఎత్తు.
మనం జానలతో కొలిచాం, వీళ్ళు చుక్కలతో, అనేవాడు.
కలాలకి లంక కిక్కస పంపమన్నాడు.
కోసి, నీడన ఆరబెట్టి
వంటపనికి దుబాయి పోతున్న నర్సమాంబ పెట్టెలో
ఆవకాయ సీసాకీ చీరలకీ మధ్య దోపాను.
ఎయిర్‌పోర్టులో ఏంటిదని అడిగితే
"గడ్డి బాబూ" అందట.

ఆ గడ్డితోనే సాధన.
తర్వాత కాసాబ్లాంకాలో అయిదంతస్తుల గోడ,
మార్సేల్స్ ఓడరేవులో గోదాము,
అమ్మాన్‌లో ఆస్పత్రి.
ఫొటోలు పంపేవాడు.
నాకా, చదవడం రాదు.
అయినా ప్రతి గోడ మీదా
ఏదో ఒక మూల
ఆ తెడ్డు దొరికేది.

పోయినేడు ఎండల్లో వచ్చాడు, నెరిసిన గడ్డంతో.
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ గోడ కావాలన్నాడు.
సరుగుడు గుంజలు కట్టాం. నిచ్చెన నేను పట్టాను.
గోదారి వైపు చివర్నుంచి మొదలెట్టాడు,
మన చేతికి ఎదురు, కుడి నుంచి ఎడమకి.
రెండో రోజుకి జనం.
మూడో రోజుకి కానిస్టేబుల్.
"ఏ భాషయ్యా ఇది? ఏం రాస్తున్నావు?"
"పడవండి."
"అంటే?"
"పడవేనండీ. తెలుగే."
ఆయన టోపీ తీసి, మెడ ఓ పక్కకి వాల్చి
చాలాసేపు పడవని వెతికాడు.

సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు,
అరబ్బీలో "ప" లేదట.
అడుగున ఒక్క చుక్క పెడితే అది "బ".
ఉస్తాద్ అయితే "బడవ" అనే చదువుతాడని నవ్వి
కాసేపు టీ తాగలేదు.
మర్నాడు
ఉర్దూ వాళ్ళ దగ్గర బదులు తెచ్చిన మూడు చుక్కలు
పునాదికి మోకాలెత్తున పెట్టాడు,
పైన ఒకటి, కింద రెండు, పొయ్యిరాళ్ళలాగ.
పుస్తకంలో ఇలా ఉండవు కదా, తిరగేశావే అన్నాను.
కుంచె కడుక్కుంటున్నాడు. చెప్పలేదు.

ఆగస్టులో ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేశారు.
పంటు కట్టేశారు. పని లేక
గొడుగేసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను.
ఎర్రనీళ్ళు. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క,
ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ.
కింది రెండు చుక్కలూ మునిగాయి.
పైది ఒక్కటే ఉంది.
అరబ్బీలో
నా అంతట నేను చదివిన మొదటి మాట.

వాన చప్పుడులోనే ఫోన్ చేశాను.
"ఏరా, గోదారి ఏమంటోంది?"
"బడవా అంటోందిరా."
అటు పక్క ఏమీ లేదు కాసేపు.
తర్వాత దూది ఏకుతున్నట్టు
తెగి తెగి నవ్వు, అది నవ్వే అయితే.

నీళ్ళు తీశాక ఆ రెంటికీ ఒండ్రు పట్టింది.
కడగనా అన్నాను.
ఉండనీ అన్నాడు.